దేవుడికి మూడు ప్రాణాలా?

వీడియో గేముల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కూర్చోగానే అందరూ ఒకే మాట అంటారు. "మన పురాణాల్లో ఎన్ని ఆయుధాలున్నాయి మేడం! ఎంతమంది రాక్షసులున్నారు! అన్నీ గేములే కదా!" నాకు ఒళ్ళు మండుతుంది. ఆయుధాలే కావాలంటే కత్తులంగడికి పోండి నాయనా. పురాణంలో మనకు పనికొచ్చేది గద కాదు, చక్రం కాదు. నియమం. ఫలానా పని చేస్తే ఫలానాది జరుగుతుంది, చేయకపోతే జరగదు. పురాణాల్లో దాన్ని వరమనీ శాపమనీ అన్నారు, మా ఆఫీసులో రూలు అనేవాళ్ళం.

హిరణ్యకశిపుణ్ణే చూడండి. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు. ఇంట్లో కూడదు, బయట కూడదు. మనిషి చంపకూడదు, మృగం చంపకూడదు. పాపం, బుర్రకు తోచినంత గట్టిగా రూలు రాయించుకున్నాడు. సామి వచ్చి సందు వెతికాడు. వేళేమో సాయంత్రం, చోటేమో గడప, ఒళ్ళేమో సగం మనిషిది, సగం సింహానిది. రూల్లో సందులు వెతికే మనిషిని మా పనిలో టెస్టర్ అంటారు. నేను ఇక్కడ రాయబోయేది అట్లాంటి ఒక టెస్టర్ గురించి. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి చెప్పమంటారేమో, అవి నాకే సరిగ్గా గుర్తులేవు.

నేను ఇందులో పడిన తీరు

కర్నూలు పాతూళ్ళో మాది బట్టలంగడి. మా ఇంట్లో అందరూ గజాలు కొలిచేవాళ్ళే. నేనొక్కదాన్నే బొమ్మలు వేసుకుంటూ ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్‌నయ్యాను. రంగుల తెర ఉన్న సెల్‌ఫోన్లు కొత్తగా జనం చేతుల్లోకి వస్తున్న కాలమది. అప్పటికి నాకు నలభై దాటాయి. ఒకనాడు శివారెడ్డి మా అంగడికొచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే. ఆళ్ళగడ్డ దగ్గరి పల్లె, సేద్యమున్న ఇల్లు. బెంగుళూరులో కంప్యూటరు చదివి, అక్కడే గేముల కంపెనీలో కొన్నాళ్ళు చేసి, సొంతంగా పెట్టాలని కర్నూలు చేరాడు.

"టీచర్, సెల్లులో ఆడే గేములు చేస్తాండా. కథ చెప్పేది, బొమ్మలేసేది మీరు. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు.

"నాకు కంప్యూటర్ ఆన్ చేసేది కూడా రాదు కదప్పా!"

"కాగితం మీద ఎయ్యండి. కరెంటున్నప్పుడు మేం ఎక్కిచ్చుకుంటాం."

బస్టాండు వెనక విత్తనాలంగడి పైన మూడు గదులు. వేసవిలో పైన రేకుల వేడికి కంప్యూటర్లే మూర్ఛపోయేవి. శివారెడ్డి నన్ను టీచర్ అని పిలుస్తాడు కాబట్టి ఆఫీసంతా నన్ను టీచర్ అనే పిలిచేది. ప్రోగ్రాం రాసేది ఖాదర్, కడప పిల్లోడు, నోట్లో నాలుక ఊరికే ఉండదు. నేను మొదటిసారి నరసింహస్వామి బొమ్మ వేసిస్తే దాన్ని అగ్గిపెట్టెంత తెరలోకి ఎక్కించి నాకు చూపించాడు.

"టీచర్, సామి పొద్దుతిరుగుడు పువ్వు మాదిరి ఉండాడు!"

నిజంగానే అట్లా ఉన్నాడు. నేను వెంట్రుక వెంట్రుక గీసిన జూలంతా పసుపుపచ్చ రేకులైపోయింది. ఇరవయ్యేళ్ళు పిల్లలకు నేర్పిన విద్య ఆ తెర మీద దేనికీ పనికిరాలేదు. చిన్న తెరకు బొమ్మ వేసేటప్పుడు ముందు నీడ వేయాలని అప్పుడు తెలుసుకున్నాను. నల్లటి నీడను చూసి ఇది ఫలానా అని పసిపిల్ల చెప్పగలగాలి. ముఖం, నగలు, జూలు ఆ తరువాత.

ఈరమ్మ

మా టెస్టర్ ఈరమ్మ. కోసిగి పిల్ల. ఆ పక్క వానల సంగతి మీకు చెప్పక్కర్లేదు. పంట చేతికి రాని ఏడు, వచ్చిన ఏడు అని తేడా లేకుండా వాళ్ళ ఇంటిల్లిపాదీ తలుపుకు తాళమేసి గుంటూరు పక్క మిరప కోతకు పోతారు. ఈరమ్మ ఇంటర్ అయ్యాక వాళ్ళమ్మతో పాటు అదే పనికి పోయింది. మధ్యలో ఆదోనిలో కంప్యూటరు నేర్చుకుంది. మా ఆఫీసుకు ఉద్యోగమడగడానికి వచ్చిన రోజు శివారెడ్డి ఒక ఫోనిచ్చి, ఇందులోని గేము కాసేపు ఆడమన్నాడు. కాసేపయ్యాక ఆ పిల్ల లేచి నిలబడి, "సార్, ఈ మనిషి గోడలోనుంచి పోతాండాడు. పోవచ్చునా?" అని అడిగింది. ఆ గోడ సంగతి అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. ఆమెను అక్కడికక్కడే పనిలో పెట్టుకున్నాడు.

ఒకసారి మధ్యాహ్నం అన్నాల దగ్గర నాతో చెప్పింది. "ఈ పని ఉన్నన్ని దినాలు నేను మిరప చేనికి పోయేది లేదు టీచర్. పనిపోతే మళ్ళా మా యమ్మ పక్కన నేనే. కాయలు కోసీ కోసీ చేతులు ఎట్ల మండుతాయంటే అన్నం కలుపుకునేకి కూడా రాదు." చెప్పి మజ్జిగ పోసుకుంది. ఏడవలేదు, మొత్తుకోలేదు. కానీ ఆ పిల్లకు ఈ ఉద్యోగమంటే ఏమిటో నాకు ఆ పూటే అర్థమైంది.

మూడు ప్రాణాలు

మా మొదటి పెద్ద పని నరసింహస్వామి గేము. బెంగుళూరులో ఫోన్లకు గేములు సరఫరా చేసే ఒక కంపెనీ కొంటానంది. కథ నాది. వేళ చూసుకోవాలి, గడప చేరుకోవాలి, గోళ్ళు తప్ప ఇంకే ఆయుధమూ వాడకూడదు. కాగితం మీద చక్కగా కుదిరింది. పేచీ ఎక్కడొచ్చిందంటే ప్రాణాల దగ్గర.

"ఆడేటోడే సామి. వానికి మూడు ప్రాణాలు. గుంతలో పడితే ఒకటి పోతాది. మూడూ పోయినాయంటే గేమ్ ఓవర్" అన్నాడు శివారెడ్డి.

"సామి చచ్చిపోతాడా?"

"గేములో టీచర్!"

"గేములో అయితే మాత్రం? స్తంభం చీల్చుకొని వచ్చినాయన గుంతలో పడి చస్తాడా?"

"కొనేటోళ్ళు అట్లే అడిగినారు. ప్రాణాలు లేకుంటే అది గేమెట్లయితాది?"

శివారెడ్డి గురించి ఒక మాట చెప్పాలి. మనిషి మంచివాడే. జీతాలు ఆపడు, ఆఫీసులో ఎవరికైనా జ్వరమొస్తే బండి మీద తనే డాక్టరు దగ్గరికి తీసుకుపోతాడు. కానీ కోపం ముక్కు మీదుంటుంది, కొనేవాడు నోరు తెరిస్తే అదే వేదమంటాడు. ఇట్లాంటి బాసులు మీకూ దొరుకుతారు. వాళ్ళతో మొదటి రోజు వాదించి లాభం లేదు. వాళ్ళకు దెబ్బ తగిలాక మాట్లాడాలి.

ఆ దెబ్బ తొందరగానే తగిలింది. బెంగుళూరు నుంచి కంపెనీ మనిషి గేము చూడటానికి వచ్చాడు. అల్లుడొచ్చినట్టు మర్యాదలు చేశాం. ఆయన చేతికి ఫోనిచ్చాం. ఆయనకు ఆడటం అంత బాగా రాదు. మొదటి గుంతలోనే పడ్డాడు. పడీ పడగానే ఫోను బిగుసుకుపోయింది. నరసింహస్వామి తలకిందులుగా, కాళ్ళు పైకి పెట్టి, గాల్లో అట్లే నిలబడిపోయాడు. బ్యాటరీ తీసి పెట్టి మళ్ళీ ఇచ్చాం. మళ్ళీ పడ్డాడు, మళ్ళీ తలకిందులు. ఆ బెంగుళూరు మనిషి మంచినీళ్ళు తాగి, "సరిచేసి పంపండి, అప్పుడు మాట్లాడదాం" అని లేచి వెళ్ళిపోయాడు.

ఎవరూ చంపలేదు

తప్పెక్కడుందో ఖాదర్ కాసేపట్లోనే పట్టేశాడు. ప్రాణం పోయే చోట రాసిన నాలుగు వరుసల్లో ఒకటి తిరగేసి రాశాడు. ఒక్కసారంటే ఒక్కసారి సామిని పడనిస్తే బయటపడే తప్పు. ఆ ఒక్కసారి ఎవరూ పడనివ్వలేదు.

శివారెడ్డి ఈరమ్మను పిలిచాడు. "నెల దినాలు ఈ గేము నీ చేతిలోనే ఉండె గదా. చావు చూసినావా, లేదా?"

"చూల్లేదు సార్."

"ఎందుకు చూల్లేదు?"

ఆ పిల్ల చున్నీ కొస చేతికి చుట్టుకుంటూ నిలబడింది. "ఉరుకుంద ఈరన్న మా ఇంటి దేవుడు సార్. నరసింహసామీ ఈరన్నా ఒకటే మాకు. నా పేరు కూడా ఆయన పేరే. గుంత దగ్గరికొస్తానే నా చెయ్యి దానంతటదే ఎగిరిచ్చేస్తాది. సంపల్లంటే చెయ్యి రాల్యా."

ఆమె ఫోను ముట్టుకునే ముందు చెప్పులు విడిచి తెరను చున్నీతో తుడవడం నేను రోజూ చూసేదాన్ని. శుభ్రత అనుకున్నాను.

"చెయ్యి రాల్యా! నీకు జీతమిచ్చేది ఎందుకు? చెడగొట్టమనే గదా! రేపట్నుంచి రావద్దు" అన్నాడు శివారెడ్డి.

నాకు కోపం ఆగలేదు. "ఉండప్పా శివా. ఆ పిల్లను పంపే ముందు అందరినీ ఒక మాట అడగనీ" అన్నాను. ఖాదర్ వైపు తిరిగాను. "నువ్వు రాసినావు కదా, ఒక్కసారన్నా నడిపి చూసినావా?"

ఖాదర్ తల గోక్కున్నాడు. "లేదు టీచర్. మా ముసల్మానుల పిల్లను చేసుకున్నాడని దేవుని కడప సామి మాకు అల్లుడు. ఉగాది దినం మా నాన్నమ్మ టెంకాయ, బెల్లం తీస్కపోయి అల్లుణ్ణి చూసొస్తాది. ఆ సామీ ఈ నరసింహసామీ ఒకటే అంటారు గదా. అల్లుణ్ణి గుంతలో యాడ తోసేది? గాచారం గాకపోతే!"

నవ్వకూడని వేళ నాకు నవ్వొచ్చింది. బొమ్మలకు రంగులు వేసే పిల్లలను అడిగాను, వాళ్ళదీ అదే మాట. చివరికి శివారెడ్డినే అడిగాను. "నువ్వెన్నిసార్లు చంపినావు?"

వాడు బల్ల మీది ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పప్పా. నువ్వు రోజూ ఆడేవాడివే కదా."

"ఆఖరి ప్రాణం మిగిలిందంటే ఆఫ్ చేసేస్తాంటి టీచర్" అన్నాడు నేల చూపులు చూస్తూ. "ముందు రెండు ప్రాణాలు?" అంటే, "అవి పోనిచ్చేకి నేనేమన్నా చేతకానోణ్ణా?" అన్నాడు రోషంగా.

అదీ సంగతి. సామి ఎవరో తెలియని దూరదేశంలో చేసుంటే ఆ గేములో మొదటి గంటలోనే వందసార్లు చంపి, ఆ తప్పు పట్టేసుండేవాళ్ళు. మా ఆఫీసులో హిందువులున్నారు, ముసల్మానులున్నారు, కోపిష్టి బాసున్నాడు. ఒక్కరికీ సామిని చంపడానికి చెయ్యి రాలేదు. "తప్పు ఈరమ్మది కాదు, శివా. ఎవరూ చంపలేనివాడికి చావు పెట్టిన డిజైన్‌ది. ఆడేవాడు సామి కాకూడదు" అన్నాను.

"మరి ఎవురు?"

"మీ ఊరికి పారువేటకు సామి ఎట్లా వస్తాడు?"

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. అహోబిలంలో నరసింహస్వామి తన పెళ్ళికి తనే జనాన్ని పిలవడానికి బయల్దేరతాడు. పల్లకీలో ఊరూరా తిరుగుతాడు, ప్రతి ఊళ్ళోనూ దిగుతాడు, కొన్ని వారాలు గుడికే పోడు. దాన్నే పారువేట అంటారు. శివారెడ్డి వాళ్ళ ఊరి అరుగు మీద కూడా ఏటేటా సామి దిగుతాడు.

"పల్లకీలో" అన్నాడు శివారెడ్డి. అని, ఆగి, "ఆడేటోడు పల్లకీ మోసేటోడు!" అని కుర్చీలోంచి లేచాడు.

అదే మా గేము. బోయీలు పల్లకీ మోసుకుంటూ పోవాలి. రాళ్ళు, వాగులు, ఎండ. కాలు జారితే పల్లకీ ఆగుతుంది. చావు లేదు. భుజాలు నొప్పి పుడితే పక్క ఊళ్ళో దిగాలి, అక్కడ జనం వచ్చి మొక్కుతారు, మజ్జిగ పోస్తారు, పొద్దు పోతుంది. పెళ్ళి ముహూర్తం మాత్రం ఆగదు. ఆడేవాడికి దిగులల్లా ముహూర్తానికి అందరినీ పిలిచేసి గుడి చేరతామా లేదా అన్నదే. పోయే ప్రాణాలు లేకుండానే గుండె దడదడలాడే గేము తయారైంది. హిరణ్యకశిపుడి కథ మధ్యమధ్యలో ఊరివాళ్ళు చెప్పుకునే మాటల్లో పెట్టాను. బెంగుళూరు వాళ్ళు మొదట ముఖం చిట్లించినా, ఆడి చూసి తీసుకున్నారు.

ఈరమ్మను ఉంచాడు శివారెడ్డి. కానీ ఊరికే ఉంచలేదు. "ఇంకోసారి చెయ్యి రాలేదంటే నువ్వే పోతావు. నువ్వు ఓకే అంటే నేను కళ్ళు మూసుకొని పంపిస్తా, ఆ మాట మీద ఉండు" అన్నాడు. ఆ పిల్ల ఉంటానంది. ఆ గేములో బోయీలను ఎన్ని రకాలుగా పడేయొచ్చో అన్ని రకాలుగా పడేసింది.

కుందేలు

మరుసటేడు కొలంబో నుంచి పనొచ్చింది. బౌద్ధుల జాతక కథలతో పిల్లలకు గేములు చేయించే చిన్న సంస్థ. మాతో మాట్లాడేది ఒకావిడ, నెమ్మదైన మనిషి. వాళ్ళడిగింది కుందేలు కథ. ఆ కుందేలు బోధిసత్త్వుడు, అంటే బుద్ధుడు కాకముందు ఎత్తిన జన్మ. అడవిలో కుందేలు, కోతి, నక్క, నీటిపిల్లి స్నేహంగా ఉంటాయి. ఇంద్రుడు ఆకలిగొన్న ముసలివాడి వేషంలో వస్తాడు. కోతి మామిడిపండ్లు ఇస్తానంటుంది, నీటిపిల్లి చేపలు, నక్క పెరుగుకుండ. గడ్డి తినే కుందేలు దగ్గర మనిషికి పెట్టడానికేమీ లేదు. నన్నే తినమని మంటలోకి దూకుతుంది. మంట చల్లగా ఉంటుంది. ఇంద్రుడు నిజరూపం చూపించి, ఆ కుందేలు బొమ్మను చంద్రుడి మీద గీస్తాడు.

కథ వినగానే శివారెడ్డి తల పట్టుకున్నాడు. "దాంట్లో కొట్లాటే లేదు గదా టీచర్. పగోడు లేడు. పైగా గెలవల్లంటే చావల్ల!"

నాకైతే ఎప్పుడూ లేనంత ఉత్సాహం వచ్చింది. ఎర్రగుడి పోయి, అశోకుడి రాతలున్న ఆ గుట్ట మీద కూర్చొని, బండరాళ్ళ బొమ్మలు వేసుకొచ్చాను. కుందేలు అడవికి అవే వెనకబొమ్మ. ఆడేవాడు కుందేలు. తెర పైన ముసలివాడి ఆకలి ఒక గీతగా కనిపిస్తుంది. ఆకలి పెరిగేకొద్దీ అది తగ్గుతూ పోతుంది, తింటే నిండుతుంది. ముసలివాడు అడగడు, తిట్టడు. దూకమని ఎవరూ చెప్పరు. దూకే బటన్ ఎప్పుడూ ఉంటుంది, ఎంతసేపైనా నొక్కకుండా ఉండొచ్చు. పిల్లలకు నేను చెప్పే సలహా ఇది. పురాణంలో ఒకరు తనంతట తను చేసిన పని మీ గేములో ఉంటే, దాన్ని ఆడేవాడు కూడా తనంతట తనే చేయాలి. గడియారం పెట్టి తరిమితే అది త్యాగం కాదు, బస్సు అందుకోవడం.

ఈరమ్మకు చెయ్యి వస్తుందా అని శివారెడ్డికి అనుమానం. వచ్చింది. కుందేలును ఎడాపెడా దూకించింది, పరుగెత్తించి దూకించింది, వెనక్కి తిప్పి దూకించింది. "కష్టంగా లేదా?" అని అడిగాను.

"ఈరన్న పడిపోతే అది మన తప్పు టీచర్. కుందేలు దానంతటది దూకుతాంది గదా" అంది. రెండు మతాల కథలకూ ఉన్న తేడా గురించి నేను తరువాత శానా పుస్తకాలు చదివాను. పని దగ్గర మాత్రం ఆ రెండు మాటలే నాకు పనికొచ్చాయి.

ఓకే కాదు

పంపాల్సిన రోజు దగ్గరపడింది. శివారెడ్డి వచ్చి, "ఓకేనా?" అన్నాడు.

"ఓకే కాదు సార్" అంది ఈరమ్మ.

"ఏముంది తప్పు?"

"ఆకలి గీత అట్లే ఉండాది. కుందేలు దూకె, మంట చల్లారె, ఆయప్ప ఇంద్రుడాయె, చంద్రుని మీద బొమ్మ గీసె. గీత మాత్రం నిండలే. ఆయప్ప తినకుండానే పాయె."

ఖాదర్ నవ్వాడు. "అంతే గదా! గీత తీసేస్తా ఉండు. ఇంద్రునికి ఆకలి యాడుండాది? పరీక్ష పెట్టేకి వచ్చినాడు."

"అట్లయితే నేను ఓకే అనను" అంది.

గదిలో అందరం ఆ పిల్ల వైపు తిరిగాం. ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. "కరువొచ్చినేడు ఎవురన్నా ఇంటి ముందరికొస్తే మా యవ్వ కుండలో ఉన్న సంకటి ముద్ద తీసిపెడ్తాండె. వాళ్ళు తిని పోతాండ్రి. మేం నీళ్ళు తాగి పండుకుంటాంటిమి. అది బాధ గాదు సార్. పెట్టించుకుని, నాకు ఆకలే లేదు, ఊరికే సూసినా అని పోయింటే మా యవ్వ కాళ్ళిరగ్గొట్టింటాది. ఈ గేము సూసే పిల్లోళ్ళలో ఆకలి తెలిసినోళ్ళుంటారు. వాళ్ళు అడుగుతారు."

"రెండు వేల ఏండ్ల నాటి కథ మారుస్తావా నువ్వు?" శివారెడ్డి గొంతు లేచింది. "పంపే దినం ఎల్లుండి. ఓకే అను."

"చూడకుండా ఓకే అన్నానని అప్పుడు పొమ్మంటిరి. ఇప్పుడు చూసి చెప్తాండా."

"అంటావా, అనవా?"

"అనను సార్."

"అయితే నీకు ఈడ పనిలేదు. పో."

ఈరమ్మ సంచి తీసుకొని కిందికి దిగింది. విత్తనాలంగడి పక్క ఫోన్ బూత్ నుంచి తమ ఊళ్ళో అంగడికి ఫోన్ చేసి, వాళ్ళమ్మకు కబురు పెట్టింది. మిరప కోతకు పోయే వ్యాను మర్నాడే బయల్దేరుతుంది, కర్నూలు మీదుగానే పోతుంది. తనకూ చోటుంచి, విత్తనాలంగడి ముందు ఆపమని చెప్పింది. పైకొచ్చి నాతో ఆ మాట చెప్పి, హాస్టల్‌కు పోయింది.

ఇక్కడ కొత్తవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. పాత కథను మార్చొద్దు, మారిస్తే అది నీ కథ అవుతుంది. కానీ పాత కథలో వాడకుండా మిగిలింది ఏముందో వెతకొచ్చు. ఆ మాట నేను పైకి అంటుంటే ఖాదర్ నవ్వడం ఆపి తెర వైపు చూశాడు.

"టీచర్, కోతి తెచ్చిన మామిడిపండ్లు అట్లే ఉండాయి. చేపలు, పెరుగు కూడా. ఎవురూ తినలే."

కథలో ఇంద్రుడు వాటిని తర్వాత తీసుకుంటానని చెప్పి కుందేలు దగ్గరికి పోతాడు. ఆ తర్వాత వాటి సంగతి ఎవరికీ పట్టలేదు. నేను వెంటనే కొలంబో ఆవిడకు ఫోన్ చేసి అడిగాను. వాళ్ళ గుడిలో పెద్ద భిక్షువును అడిగి చెప్తానంది. ఆ సాయంత్రమే జవాబొచ్చింది. ఇంటికొచ్చిన అతిథి తిని పోతే బుద్ధుడికి అభ్యంతరం ఉండదట, చంద్రుడి మీద కుందేలు ఉంటే చాలునట. మామిడిపండు పట్టుకున్న ఇంద్రుడి బొమ్మ నేను వేశాను. వజ్రాయుధం పక్కన పెట్టి, గొంతుక్కూర్చొని తింటున్నాడు, పక్కన కుందేలు. ఖాదర్ తెల్లారేసరికి ఎక్కించాడు. శివారెడ్డి అటు రాలేదు. తన గదిలో ముఖం ముడుచుకొని కూర్చున్నాడు. పొమ్మన్న నోటితో రమ్మనడం వాళ్ళింట్లో అలవాటు లేదు.

ఆ పొద్దునే వ్యాను వచ్చి విత్తనాలంగడి ముందు ఆగింది. లోపల మూటలు, బిందెలు, చంటిపిల్లలు, నలభై మంది జనం. ఈరమ్మ తన పెట్టె పైకెక్కించడానికి వస్తే వాళ్ళమ్మ కిందికి దిగింది. మెట్ల మీది నుంచి నేను చూస్తున్నాను. నా పక్కనుంచి శివారెడ్డి ఫోను పట్టుకొని దడదడా దిగిపోయాడు.

"ఇది చూసి చెప్పి పో" అని ఆమె చేతిలో పెట్టాడు.

ఈరమ్మ పెట్టె కింద పెట్టింది. చెప్పులు విడిచింది. నడిబజార్లో నిలబడి ఆడింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, వ్యానులోంచి "ఎక్కవేమే!" అని కేకలు. కుందేలు దూకింది. మంట చల్లారింది. ఇంద్రుడు కూర్చొని పండు తిన్నాడు, గీత నిండింది. ఆ పిల్ల ఓకే అంటుందేమోనని శివారెడ్డి నోరు తెరుచుకొని చూస్తున్నాడు. అనలేదు. మళ్ళీ మొదట్నుంచి పెట్టి, ఈసారి కోతి మామిడిపండ్లు తేకుండా చేసి ఆడింది. ఇంద్రుడు పెరుగు తిన్నాడు. చేపలు కూడా లేకుండా చేసి చూసింది. డ్రైవరు కిందికి దిగి తిట్టడం మొదలుపెట్టాడు.

"ఓకే సార్" అంది అప్పుడు.

శివారెడ్డి పెట్టె తనే తీసి మెట్ల మీద పెట్టాడు. క్షమించమనో, పొరపాటైందనో అనలేదు. పెట్టె పెట్టి పక్కన నిలబడ్డాడు, అంతే. వాళ్ళమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నా బిడ్డ ఈడ ఏం పని చేస్తాదప్పా?" అని అడిగింది.

"మేం చేసిన దాంట్లో తప్పులు పడ్తాదమ్మా" అన్నాడు శివారెడ్డి.

"దానికి దుడ్లిస్తారా?"

"ఇస్తాం."

"ఇంట్లో ఊరికే పడ్తాండెనే!" అందామె. శివారెడ్డికి నవ్వాగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. కూతురి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకొని, అరచేతులు తిప్పి చూసి, వదిలేసింది. వ్యానెక్కి, లోపలున్న వాళ్ళంతా వినేటట్టు డ్రైవరుకు చెప్పింది.

"పోనీ అన్నా. నా బిడ్డ రాదు. దానికీడ పనుండాది."